పన్నెండో గది బెల్లు

ఆమె కీబోర్డును బోర్లించి రెండు అరచేతులతో తట్టింది. ముందే పరిచిపెట్టుకున్న పాత కాగితం మీద బిస్కెట్టు పొడి రాలింది, రెండు వెంట్రుకలు రాలాయి, చివరన ఒక గోరు ముక్క రాలింది. గోరు కొడవలిలా వంగి, లోపలివైపు పచ్చబడి ఉంది. రాత్రి షిఫ్టులో ఈ కుర్చీలో కూర్చునే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా అతను ఏం తింటాడో, తలకు ఏ నూనె రాసుకుంటాడో, ఎన్నాళ్లకొకసారి గోళ్లు తీసుకుంటాడో ఆమెకు తెలుసు. కట్టుకున్నవాడి గురించి కూడా ఆడది ఇంత తెలుసుకోదని ఆఫీసులో నవ్వేవాళ్లు. ఆమె ఎవరినీ కట్టుకోలేదు.

"ఏం చాదస్తం గారూ, ఇవాళేం పండింది?" పక్క బల్ల దగ్గరి పరీక్షలాయన అడిగాడు.

"గోరు."

"చేతిదా, కాలిదా?"

తుడుస్తున్న చెయ్యి ఆగింది. ఆ ప్రశ్న ఆమెకు తట్టలేదు. కాగితాన్ని మడిచి పడేసిన చెత్తబుట్ట వైపు చూసింది. తర్వాత చేతిలోని దూది కూడా అందులో పారేసి, కొత్త దూది తీసుకుని స్పిరిట్‌లో ముంచి, మొదటి వరుస నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

పరీక్షలాయన బొజ్జ కదిలేలా నవ్వాడు. ఇతరులు రాసిన ప్రోగ్రాములను నడిపి చూసి తప్పులు పట్టడం ఆయన పని. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జేబులోంచి వేయించిన గింజలేవో తీసి నములుతూనే ఉంటాడు. ఆ చప్పుడు పదకొండేళ్లుగా ఆమె ఎడమ చెవిలో పడుతోంది.

చాదస్తం అన్న పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆమెకు యాభై మూడేళ్లు. సన్నగా పొడుగ్గా ఉంటుంది. మెడ కాస్త ముందుకు వంగి, ఎప్పుడూ ఎవరి భుజం మీదుగానో ఏదో చదువుతున్నట్టు కనిపిస్తుంది. సబ్బుకూ స్పిరిట్‌కూ ఎండిపోయి చేతుల మీది చర్మం పొలుసులు లేచింది. తలుపు పిడిని రుమాలుతో పట్టుకుని తీస్తుంది. లిఫ్టు బటన్‌ను వేలి కణుపుతో నొక్కుతుంది. ఆమె ఉండేది తమ్ముడి ఇంట్లో, వంటగది వెనక గదిలో. ఆ గదిలో ఆమె సబ్బు, ఆమె బకెట్టు, ఆమె తువ్వాలు వేరే. తమ్ముడి పిల్లలు చిన్నప్పుడు, అత్త గదిలోకి వెళ్లాలంటే ముందు స్నానం చెయ్యాలని ఆటగా ఆడుకునేవాళ్లు. ఇప్పుడు వాళ్లు పెద్దవాళ్లయ్యారు. ఆ గదిలోకి వెళ్లడమే మానేశారు.

కీబోర్డు ఆరాక కంప్యూటర్ తెరిచింది.

ఆమె చూసుకునేది ఒక కోడ్ జనరేటర్, అంటే ప్రోగ్రాములు రాసే ప్రోగ్రాము. పదిహేడేళ్ల కిందట దాన్ని తనే రాసింది. పెద్ద పెద్ద భవనాల్లో గోడలకు పెట్టెలు తగిలించి ఉంటాయి. నీటి ట్యాంకులవి, లిఫ్టులవి, కాలింగ్ బెల్లులవి. అవన్నీ తీగల మీద అంకెలు పంపుతుంటాయి. వచ్చిన అంకెల్లో ఏది దేనికి చెందినదో విడదీసి చెప్పే ప్రోగ్రామును పార్సర్ అంటారు. ఒక్కో రకం పెట్టెకు ఒక్కో పార్సర్ కావాలి. అన్నిటినీ చేత్తో రాస్తూ కూర్చుంటే తెమలదు గనుక, పెట్టె వివరాలు ఇస్తే దానికి తగిన పార్సర్‌ను తనంతట తనే రాసిపెట్టేలా ఆమె ఈ జనరేటర్‌ను తయారుచేసింది. అది రాసిన ప్రతి ఫైలు మొదట్లోనూ ఒక మాట ఉంటుంది: ఇది యంత్రం రాసింది, చేత్తో దిద్దవద్దు. ఆ మాట పెట్టిందీ ఆమే. దిద్దితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. జనరేటర్‌ను మళ్లీ నడిపినప్పుడు ఫైలు మొత్తం కొత్తగా రాస్తుంది. చేత్తో దిద్దింది కాస్తా పలక తుడిచినట్టు పోతుంది.

ఆ రోజు గురువారం. ఆమె పేరు మీద ఒకే ఒక్క ఫిర్యాదు ఉంది. ఎనిమిది రోజుల కిందటిది. ఒక వృద్ధాశ్రమంలో పనిచేసే నర్సు రాసింది.

'పన్నెండో గదిలో ఉండే పెద్దావిడ బెల్లు నొక్కుతున్నానంటుంది. మా బోర్డు మీద పడదు. మీ మనిషి రెండుసార్లు వచ్చాడు. ఆయన నొక్కితే మోగింది. నొక్కకుండానే నొక్కానంటోందని, ఆవిడకు మతి తప్పుతోందని ఇక్కడ అంటున్నారు. వచ్చే శుక్రవారం డాక్టర్ గారు వచ్చి, తాళం వేసే వార్డులోకి మార్చాలో వద్దో తేలుస్తారు. ఆ వార్డులోకి వెళ్లినవాళ్లు మళ్లీ బయటికి రావడం నేను చూడలేదు. ఆలోగా మీరు ఒక్కసారి గట్టిగా చూడండి. నాకు ఎటూ తోచడం లేదు.'

దాని కింద మేనేజర్ ఆ ఉదయమే ఒక ముక్క చేర్చాడు. 'టెక్నీషియన్ రెండుసార్లు చూశాడు. వాడేవారి పొరపాటు అని మూసేయండి.'

వాడేవారి పొరపాటు. ఆ మాట చదివితే ఎవరో నమిలి ఉమ్మినదాన్ని తొక్కినట్టు అనిపించింది ఆమెకు. ఏడాదికి వందసార్లు ఆ మాట రాస్తారు ఆ ఆఫీసులో. ఆమె కూడా రాసింది. ఆ రోజూ రాసి మూసేసి ఉండేదే. కానీ నర్సు ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర కళ్లు ఆగిపోయాయి. ఆయన నొక్కితే మోగింది. ఆయన నొక్కినప్పుడు మిగతా గదుల వాళ్లు ఏం చేస్తున్నారు?

ఆశ్రమం కంప్యూటర్‌లో నెల రోజుల సందేశాలు వచ్చినవి వచ్చినట్టు దాచి ఉంటాయి. వాటిని తెప్పించుకుంది. నడవా చివర గోడకున్న పెట్టె అర నిమిషానికొక సందేశం పంపుతుంది. మొదట ఎన్ని గదులున్నాయో ఒక అంకె. ఆ తర్వాత ఒక్కో గదికీ దాని నంబరు, ఆ అర నిమిషంలో అక్కడ ఎన్ని బటన్లు నొక్కారో ఒక అంకె, ఏవి నొక్కారో వాటి గుర్తులు. మంచం దగ్గరిది ఒకటి, స్నానాల గదిలోది ఒకటి, కుర్చీ పక్కన ఒకటి.

ఆమె ఒక ఆదివారం ఉదయం తీసుకుంది. ఆరు గంటల పది నిమిషాలు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి చదివింది. పన్నెండు గదులు. ఒకటో గది, ఏమీ లేదు. రెండు, ఏమీ లేదు. మూడు, ఏమీ లేదు. నాలుగు, ఒకటి, మంచం. ఐదు నుంచి పదకొండు దాకా ఏమీ లేదు. పన్నెండు, ఒకటి, మంచం.

పెద్దావిడ నొక్కింది.

ఆ అర నిమిషానికి పార్సర్ బోర్డుకు అందించిన పట్టీ తీసి చూసింది. నాలుగో గది ఉంది. పన్నెండో గది లేదు.

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. పార్సర్ ఫైలు తెరిచి, పై నుంచి కిందికి చదవడం మొదలుపెట్టి, రెండో పేజీలోనే ఆగిపోయింది. లెక్కపెట్టే చోటు అది. గది చదవగానే లెక్కలో ఒకటి వేసుకుంటోంది, సరే. గది లోపల నొక్కిన బటన్ చదివినప్పుడు కూడా అదే లెక్కలో ఇంకొకటి వేసుకుంటోంది. వీధిలో ఇళ్లు లెక్కపెడుతూ పోయే మనిషి, ఒక గుమ్మంలో ఇద్దరు పిల్లలు కనబడితే వాళ్లను కూడా ఇళ్లలో కలిపేసుకున్నట్టు. పన్నెండిళ్ల వీధిలో పది ఇళ్లకే పన్నెండయిపోయిందని వాడు వెనక్కి తిరిగి వచ్చేస్తాడు. చివరి రెండిళ్ల మొహం కూడా చూడడు.

ఎవరూ నొక్కకపోతే లెక్క సరిపోతుంది. పన్నెండో గది ఒక్కటే నొక్కినా సరిపోతుంది, ఎందుకంటే అప్పటికి పార్సర్ పన్నెండో గదికి చేరుకునే ఉంటుంది. టెక్నీషియన్ మధ్యాహ్నం పూట, అందరూ నిద్రపోతున్నప్పుడు వెళ్లి నొక్కి ఉంటాడు. మోగింది. ఇంకెవరైనా పిలిచిన అర నిమిషంలో పిలిస్తేనే ఆవిడ పిలుపు లేకుండా పోతుంది. మిగిలిపోయిన అంకెలను పార్సర్ చెత్త అనుకుని పారేస్తుంది. అలా పారెయ్యమని చెప్పిందీ ఆమే.

నాలుగో గదిలో ఎవరో రోజుకు మూడు నాలుగు వందలసార్లు నొక్కుతున్నారు. ఆ మనిషి నొక్కుతున్నంతసేపూ పన్నెండో గదికి బెల్లు లేనట్టే.

ఇంతవరకు ఆమెకు కలిగింది రోజూ కలిగే వెగటే. పాడైనదాన్ని చూస్తే కలిగేది, తుడిస్తే పోయేది. అసలుది ఆ తర్వాత కలిగింది.

ఈ ఫైలును ఇంతకుముందు ఎవరెవరు ముట్టుకున్నారో చూద్దామని పాత మార్పుల పట్టిక తీసింది. అందులో ఇదే తప్పును చేత్తో దిద్దినవాళ్లు కనిపించారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఎవరో బటన్ల లెక్కకు వేరే పేరు పెట్టి ఒక లైను చేర్చారు. కొన్ని నెలలకు పెట్టెలో ఏదో మార్పు వచ్చి జనరేటర్ మళ్లీ నడిచింది, ఆ లైను పోయింది. ఇంకొకరు మళ్లీ చేర్చారు. మళ్లీ పోయింది. ఆఖరిసారి పోయింది ఐదు నెలల కిందట, కుర్చీ బటన్ కొత్తగా చేర్చినప్పుడు. ఆ రోజు జనరేటర్ నడిపింది ఆమే.

పట్టిక అడుగుకు వెళ్లింది. మొదట దిద్దినవారు ఎవరో చూసింది. ఆరేళ్ల కిందట, ఒక శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. ఆమె పేరు. పక్కన ఆమె రాసుకున్న మాట: 'ప్రస్తుతానికి చేత్తో సరిచేశాను. సోమవారం జనరేటర్‌లో సరిచేయాలి.'

తర్వాతి ముగ్గురూ ఆమె లైనునే ఎత్తి పెట్టారు. వాళ్లలో ఒకరు ఆమె రాసిన మాటను కూడా ఎత్తి పెట్టారు, సోమవారంతో సహా.

ఆ శుక్రవారం ఏం జరిగిందని ఆమె చాలాసేపు ఆలోచించింది. అమ్మకు బాగాలేదేమో? అప్పటికే అమ్మ పోయి రెండేళ్లయింది. తనకు జ్వరమా? ఆ ఏడాది ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. తమ్ముడి పిల్లల బడిలో ఏదైనా పనా? ఎంత తవ్వినా ఒక్క సాకూ దొరకలేదు. చివరికి గుర్తొచ్చింది. శుక్రవారాలు నాలుగున్నర బస్సు ఖాళీగా వస్తుంది. కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. పక్కన ఎవరూ ఆనుకోరు. ఆ బస్సు అందుకోవాలని లేచి వెళ్లిపోయింది. అంతే.

లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. కడిగే తొట్టి అంచున ఎవరో ఉమ్మిన పేస్టు నురగ గడ్డకట్టి ఉంది. సబ్బుకు నల్లటి వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది. రోజూ అయితే తన సంచిలోని సబ్బు తీసేది. ఇవాళ ఆ వెంట్రుక ఉన్న సబ్బునే తీసుకుని మోచేతుల దాకా రుద్దుకుంది. దానికంటే తన వేళ్లే అసహ్యంగా కనిపించాయి. అద్దంలోకి చూడలేదు.

మేనేజర్ ఆమెకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. మెడలో వేలాడే గుర్తింపు కార్డు మూలతో పళ్ల సందులు కుట్టుకునే అలవాటు ఉంది అతనికి.

"సార్, ఆవిడ నిజమే చెప్పింది."

"ఎవరావిడ?"

"పన్నెండో గది ఆవిడ. బెల్లు."

"ఓ, అదా. ఇంకా మూసేయలేదా మీరు?"

ఆమె చెప్పింది. ఇళ్లూ పిల్లలూ అని కూడా చెప్పింది. అతను కార్డు మూలను వెనక పంటి దాకా తీసుకెళ్లి వింటూ కూర్చున్నాడు.

"ఒక్క లైనే కదా మేడమ్? ఆ ఫైల్లోనే పెట్టేయండి. జనరేటర్ జోలికి మాత్రం పోకండి. దాన్ని కదిలిస్తే ముప్పైనాలుగు రకాల పెట్టెలకీ మళ్లీ పరీక్షలు చెయ్యాలి. ఎవరు చేస్తారు?"

"ఇప్పటికి నాలుగుసార్లు ఆ ఫైల్లోనే పెట్టారు సార్."

"ఐదోసారి పెట్టండి. ఏం అరిగిపోతుంది?"

"మొదటిసారి పెట్టింది నేనే."

"చూశారా! అనుభవం ఉన్నవాళ్లు, మీరే అలా చేశారు. మళ్లీ నన్నడుగుతారు." అతను నిజంగానే సంతోషించాడు.

ఆమె కదలలేదు. "రేపు డాక్టర్ వస్తాడు సార్. ఆవిడ నొక్కిందని, తప్పు మనదని ఒక కాగితం రాసిద్దాం."

మేనేజర్ కార్డు నోట్లోంచి తీశాడు. దాని మూల తడిగా మెరిసింది. "మన తప్పని కాగితం మీద పెడతామా ఎక్కడైనా? చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా? వచ్చే వారం 'వ్యవస్థను మెరుగుపరిచాం' అని ఒక ముక్క పంపుతాను. నేనే రాస్తాలెండి, మీరు శ్రమపడకండి."

ఆమె బయటికి వచ్చేసింది.

జనరేటర్ లోపలికి వెళ్లి రెండేళ్లవుతోంది. పదిహేడేళ్ల కిందటి తన రాతను చదువుతుంటే, చిన్నప్పుడు తను దాచుకుని మరిచిపోయిన తినుబండారం డబ్బా ఇప్పుడు తెరిచినట్టుంది. ప్రతి జాబితాకూ లెక్క ఒకే పేరుతో రాయిస్తోంది. జాబితా లోపల ఇంకో జాబితా ఉంటుందని అప్పుడు ఆమె అనుకోలేదు. ఇప్పుడు లోతును బట్టి లెక్కలకు వేర్వేరు పేర్లు పెట్టించింది. పై జాబితాకు ఒకటి, లోపలిదానికి ఇంకొకటి, దాని లోపల ఉంటే మరొకటి. మిగిలిపోయిన అంకెలను పారెయ్యమన్న మాట కొట్టేసి, ఏమైనా మిగిలితే గట్టిగా తప్పు చూపించమని రాసింది. మొత్తం చేసి మూడు లైన్ల మార్పు, దానికి కాపలాగా ఇంకో నాలుగు. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవలేదు.

పరీక్షలాయన వైపు కుర్చీ తిప్పింది. "ముప్పైనాలుగూ నడపాలి."

"ఆయన నడపమన్నాడా?"

"అనలేదు."

ఆయన నమలడం ఆగిపోయింది. పదకొండేళ్లలో ఆఫీసు పనివేళల్లో ఆ చప్పుడు ఆగడం ఆమె వినలేదు. ఆయన ఆమె మొహంలోకి, తర్వాత తెర మీద ఉన్న నాలుగు పాత మార్పుల వైపు చూశాడు. అడుగున ఉన్న పేరు కూడా చూశాడు.

"ఆయనేమన్నా అంటే చాదస్తం గారు నా పీక మీద కూర్చుందని చెప్తా," అంటూ వేళ్లు ప్యాంటుకు తుడుచుకుని కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. గింజల నూనె కీబోర్డుకు అంటుకుంటుందని తెలిసినా ఆమె తన కుర్చీ ఆయన పక్కకు జరుపుకుంది.

పరీక్షలు ముగిసేసరికి రెండున్నర అయింది. ఇరవైతొమ్మిది రకాల పెట్టెలకు తేడా రాలేదు. మిగతా ఐదు రకాలకు వచ్చింది. ఆ ఐదూ ఇన్నాళ్లుగా చివర ఉన్నవాటిని పారేస్తున్నాయి.

"ఛీ," అన్నాడు పరీక్షలాయన. "ఇదా నేను పాస్ చేసింది?"

ఆమె పాత సందేశాలన్నిటినీ కొత్త పార్సర్‌తో మళ్లీ చదివించింది. పన్నెండో గది నుంచి నెల రోజుల్లో బోర్డు మీదికి రాని పిలుపులు అరవైమూడు. తారీఖు, గంట, నిమిషం, ఏ బటన్. ఎక్కువ భాగం ఉదయం ఆరుకూ ఏడుకూ మధ్య. స్నానాల గదిలోంచి పదకొండు. ఒక రోజు ఆ గదిలోంచే వరసగా తొమ్మిదిసార్లు. రెండు పేజీలు వచ్చాయి. అచ్చు వేసి, కింద తన పేరు రాసి సంతకం పెట్టింది. 'ఈ పిలుపులన్నీ నిజంగా వచ్చినవే. లెక్కలో తప్పు మా ప్రోగ్రాముది' అని ఒక వాక్యం చేత్తో రాసింది.

ఆశ్రమానికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

సంచి సర్దుకుంటుంటే మరదలి ఫోను వచ్చింది. "వదినా, గీజరు బాగుచేసే మనిషి ఆరింటికి వస్తానన్నాడు. మీరెలాగూ ఆ టైముకి ఇంట్లో ఉంటారుగా, కాస్త దగ్గరుండి చూసుకుంటారా? నేను బయటికెళ్లాలి."

"ఉండనమ్మా. నాకు పనుంది."

"మీకా?" అంది మరదలు. అందులో వెటకారం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరి చంకో ఆమె భుజానికి ఆనుకుంది. పై కడ్డీ జిడ్డుగా ఉంది. కాగితాలు నలగకుండా ఒక చేత్తో గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో ఆ జిడ్డు కడ్డీనే పట్టుకుంది. రుమాలు తీయడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఆశ్రమం రెండంతస్తుల భవనం. లోపల అడుగుపెట్టగానే ఫినాయిలు వాసన, దాని కింద ఫినాయిలు దాచలేకపోయిన మూత్రం వాసన. పై అంతస్తు నడవా గోడలకు నడుమెత్తు దాకా ఆకుపచ్చ రంగు, చేతులు పట్టుకుని నడిచినచోట రంగు నల్లబడి నున్నగా తేలింది. బోర్డు మీద నాలుగో గది దీపం వెలిగి ఉంది. ఎవరూ దాన్ని పట్టించుకోవడం లేదు. బల్ల వెనక నలభై ఏళ్ల నర్సు మందులు చిన్న చిన్న కప్పుల్లో వేస్తోంది.

"పన్నెండో గది బెల్లు గురించి రాసింది మీరేనా సిస్టర్?"

"నేనే. మీరు వాళ్ల బంధువులా?"

"కాదు. ఆ బెల్లు ప్రోగ్రాము రాసింది నేను."

నర్సు ఆమెను కింద నుంచి పైదాకా చూసింది. ప్రోగ్రాము రాసేవాళ్లు ఇలా ఉంటారని ఆవిడ అనుకున్నట్టు లేదు. "బాగుచెయ్యడానికొచ్చారా?"

"చేశాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఇదిగో, నొక్కినవన్నీ ఇందులో ఉన్నాయి. రేపు డాక్టర్ గారికి ఇది చూపించండి. తాళం వార్డుకి పంపొద్దని చెప్పండి."

నర్సు చేతిలోని కప్పు కింద పెట్టింది. "మంగళవారమే మార్చేశారమ్మా. అక్కడ మంచం ఖాళీ అయిందని, శుక్రవారం దాకా ఎందుకని." చేతులు తుడుచుకుంది. "నిన్న మధ్యాహ్నం పోయిందావిడ. భోజనం చేసి పడుకుంది. సాయంత్రం లేపబోతే లేవలేదు. బాధేం పడలేదంట."

నడవాలో ఎవరో దగ్గుతున్నారు. దగ్గి, దగ్గి, ఉమ్మిన చప్పుడు. ఆమె చేయి కాగితాలతో ఇంకా ముందుకు చాచే ఉంది.

"ఫైల్లో పెట్టండి," అంది.

"ఫైలు మూసేశారు. కింద రికార్డుల గదికి పంపేశాం."

"అందులో ఏమని రాశారు?"

నర్సు కాగితాలు అందుకుని, మందుల ట్రే పక్కకు జరిపి, బల్ల మీద పరుచుకుంది. వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదవసాగింది. పెదవులు కదులుతున్నాయి. మొదటి పేజీ సగంలో వేలు ఆగింది.

"ఆదివారం, ఆరూ పది," అంది. "ఆ రోజు నా డ్యూటీయే. నాలుగో గదాయన దగ్గరున్నాను. ఆయనకి ఊరికే నొక్కడం సరదా, మనుషులొస్తారని. తర్వాత ఈవిడ గదికెళ్లేసరికి పక్క తడిసిపోయి ఉంది. నొక్కానే అమ్మా అంది. బోర్డు మీద లేదు పెద్దమ్మా, పడుకున్న చోట కానిచ్చేసి నా మీద పెట్టకు అన్నాను." వేలు అక్కడే ఉంది. "అందరి ముందూ అన్నాను. ఆవిడ బడిపంతులమ్మగా చేసిందట. దుప్పటి మొహం మీదికి లాక్కుంది."

ఆమె ఆ సిస్టరు మీద అసహ్యం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. రావలసినంతా ఉదయమే వచ్చేసింది, వచ్చినది తన దగ్గరే ఉంది.

"ఆ మాట అనిపించింది నేను," అంది.

నర్సు కాగితాలను రెండు మడతలు వేసి, విప్పి, మళ్లీ చదును చేసింది. తర్వాత లేచి, "ఉండండి, కిందికెళ్లి ఆ ఫైలు తెప్పిస్తాను. తిట్టేవాళ్లు తిట్టుకోనీ," అంది. కాగితాలు పట్టుకుని మెట్ల వైపు నడిచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "గది చూస్తారా? చివర్ది. ఎవర్నీ ఇంకా వెయ్యలేదు," అంది.

ఆమె నడవా చివరిదాకా నడిచింది. పన్నెండో గది తలుపు పిడిని ఒట్టి చేత్తో పట్టుకుని తీసింది.

పరుపు మీద దుప్పటి లేదు. మీద కుట్టిన ప్లాస్టిక్ గుడ్డ మధ్యలో గుంట పడి, గోధుమ రంగు మరక ఒకటి కడిగినా వదలక మిగిలి ఉంది. తలవైపు గోడకు బటన్ కొత్తదానిలా శుభ్రంగా ఉంది; ఎవరో స్పిరిట్ పెట్టి తుడిచారు. మంచం ఇనప కడ్డీకి తెల్ల రంగు. కుడివైపు, పడుకున్న మనిషి చెయ్యి అందే చోట, జానెడు మేర ఆ రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి లోపలి నల్ల ఇనుము బయటపడింది. ఊడిన రంగు పొడి కింద నేల మీద అలాగే ఉంది. ఊడ్చేవాళ్లు మంచం కిందికి చీపురు పోనివ్వరు కాబోలు.

వంగి ఆ కడ్డీని చూస్తుండగా, చెత్త బండి తోసుకుంటూ వచ్చిన ఆయా గుమ్మంలో ఆగింది.

"అదా? కొట్టేదమ్మా దాన్ని. టంగు టంగుమని పొద్దస్తమానం. మొదట్లో పరుగెత్తుకెళ్లేవాళ్లం. రానురాను చెవులు అలవాటు పడిపోయాయి." చీపురుతో కిటికీ వైపు చూపించింది. "తాళం వార్డులోకి లోహం సామాను తీసుకెళ్లనివ్వరు. అందుకని అది ఇక్కడే ఉండిపోయింది. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు."

బండి చక్రాలు కీచుమంటూ సాగిపోయాయి. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది.

కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు ఉంది. అడుగున రెండు వేళ్ల మందం నీళ్లు, నీళ్ల మీద పల్చని దుమ్ము పొర. గ్లాసు ఒకవైపంతా లోపలికి నొక్కుకుపోయి, అంచు సొట్టలు సొట్టలుగా చీలి విచ్చుకుంది. ఆ విచ్చుకున్న అంచు సందుల్లో తెల్ల రంగు ఇరుక్కుని, గట్టిపడి ఉంది.